పుర్రె గుర్తు ఒక్కటే చాలదు: పనిషర్ సినిమాలు మూడు

కాకినాడలో పాత డిస్కులు అమ్మే ఒక దుకాణంలో పనిషర్ సినిమాలు మూడూ కలిపి 450 రూపాయలకు దొరికాయి. అమలాపురం తెచ్చుకుని, ముసురు పట్టి గడప దాటే వీలు లేని మూడు రాత్రులు, డిగ్రీ చదువుతున్న మా మేనల్లుడితో కలిసి వరుసగా చూశాను. 1974లో స్పైడర్‌మ్యాన్ కామిక్ 129వ సంచికలో పుట్టిన పనిషర్‌ను, అంటే ఛాతీ మీద పుర్రె గుర్తుతో నేరగాళ్లను వేటాడి చంపే ఫ్రాంక్ కాజిల్‌ను, చాలా ఏళ్లుగా చదువుతున్నవాణ్ణి కనుక, తెర మీద ఆ మనిషి ఎంతవరకు మిగిలాడన్నదే నేను చూసుకున్న మొదటి సంగతి.

1989 నాటి సినిమాలో డాల్ఫ్ లండ్‌గ్రెన్ కథానాయకుడు. కామిక్‌లో వియత్నాంలో పోరాడి వచ్చిన మెరైన్ సైనికుడు ఇందులో మాజీ పోలీసయ్యాడు. అది సరిపెట్టుకోవచ్చు గాని, ఛాతీ మీది తెల్ల పుర్రెను కూడా తీసివేయడం వాడపల్లి వెంకన్నకు నామం చెరిపినట్టుంది. ఇంతకుమించి దీని గురించి చెప్పవలసింది లేదు.

థామస్ జేన్ నటించిన 2004 సినిమాలో పుర్రె ఉంది, మనిషే మారాడు. కామిక్‌లో కాజిల్ భార్యాపిల్లలు న్యూయార్క్ సెంట్రల్ పార్కులో, మాఫియా ముఠా చేస్తున్న ఒక హత్య కంటబడిన పాపానికి చనిపోతారు. వారి మీద ఎవరికీ పగ లేదు, కాబట్టి ఫలానావాణ్ణి చంపితే తీరిపోతుందనుకునే వీలు కాజిల్‌కూ లేదు. అతని యుద్ధం తెగకపోవడానికి కారణం అదే. సినిమాలోనైతే హోవర్డ్ సెయింట్ అనే నేరగాడు తన కొడుకు చావుకు బదులుగా, ప్యూర్టోరికోలో చేరిన కాజిల్ బంధుబలగాన్నంతా చంపిస్తాడు. ఆపైన నడిచేది మనకు బాగా అలవాటైన పగ కథ. సెయింట్ చేతనే అతని భార్యనూ ప్రాణ స్నేహితుణ్ణీ చంపించే పన్నాగం చూడటానికి రక్తి కట్టినా, నేనెరిగిన కాజిల్ అంత చుట్టుదారి పట్టడు. చివర్లో మావాడు, "పగ తీరిపోయింది కదా మావయ్యా, ఇంకా ఆ పుర్రె చొక్కా ఎందుకు?" అన్నాడు. దర్శకుడికీ ఆ చిక్కు తెలిసినట్టే ఉంది: పని ముగిశాక కాజిల్ ఆత్మహత్యకు సిద్ధపడి, భార్య రూపం మనసులో మెదిలాక మనసు మార్చుకుంటాడు.

ఒక ముచ్చట మాత్రం ఒప్పుకోవాలి. బందీ కళ్లకు కనబడకుండా మాంసం ముక్కను మంటతో కాలుస్తూ, అతని వీపుకు ఐస్‌పుల్ల తగిలించి నిజం కక్కించే సన్నివేశానికి ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

మూడవది, 2008లో లెక్సీ అలెగ్జాండర్ తీసినది, నాకు అన్నింటికన్నా నచ్చింది. షాండ్లియర్‌కు తలకిందులుగా వేలాడి, గిర్రున తిరుగుతూ తుపాకులు పేల్చే ఘట్టం మరీ అతి. నెత్తురు చూడలేనివారు దీని జోలికి పోవద్దు. అయినా కుటుంబం చావు మళ్లీ పార్కుకే చేరింది. పైగా మారువేషంలో ఉన్న ప్రభుత్వ అధికారిని తెలియక చంపిన కాజిల్, ఆ తప్పు మోయలేక పుర్రె చొక్కా వదిలేద్దామనుకుంటాడు. రే స్టీవెన్‌సన్ ఆ బరువును, మాటలు పెద్దగా లేకుండానే, బండబారిన ముఖంతో చూపాడు.

బాధల్లా, ఈ డిస్కు మీదే గీతలుండి సినిమా సగంలో రెండుసార్లు ఆగిపోయింది. మార్చమని అడిగితే, పాత సరుకుకు పూచీ లేదన్నాడు దుకాణదారుడు. కొనేవారు అక్కడే వెలుతురుకు తిప్పి చూసుకోండి.