ఆఫర్ ఎల్ఈడీ బల్బులు కొనేముందు చేతిలో రేడియో ఉండాలి

కావలి ట్రంకు రోడ్డులో ఒక షాపులో ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని ఎల్ఈడీ బల్బులు అమ్ముతున్నారు. దయచేసి కొనకండి, ఊరికే ఇచ్చినా తెచ్చుకోకండి.

ఇంట్లో గదులన్నిటికీ అవే పెట్టాం. ఆ సాయంత్రం నుంచే మా నాయన రేడియోలో విజయవాడ కేంద్రం, 837 కిలోహెర్ట్జ్ దగ్గర, ఒకటే బుర్రుమనే రొద. పగలంతా బాగానే పలుకుతుంది, లైట్లేసే వేళకు వార్తలు వినపడవు. తుఫాను రోజుల్లో ఆ వార్తల కోసమే కాచుకునే ఇళ్లు మన తీరంలో ఇంకా ఉన్నాయి.

మీ ఇంట్లోనూ ఇదే బాధైతే రేడియోని బ్యాటరీల మీద పెట్టి మెయిన్ ఆపండి. రొద ఆగితే తప్పు ఇంట్లోదే. తర్వాత ఒక్కో ఎంసీబీ (బోర్డులో ఒక్కో లైనుకు ఉండే స్విచ్చి) వేసుకుంటూ రండి. మాకు లైట్లది వేయగానే మొదలైంది. మెయిన్ ఆపినా ఆగకపోతే పక్కింటిదో, స్తంభం మీద నిప్పురవ్వలు వచ్చే లూజు కనెక్షనో అయ్యుంటుంది. స్తంభం సంగతి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి చెప్పండి, మీరు ముట్టుకోవద్దు.

మాడిపోయిన బల్బు ఒకటి విప్పి చూశాను. బోర్డు మీద ఎల్1 అని అచ్చేసిన చోట కాయిల్ ఉండాలి. అక్కడ వంచిన తీగ ముక్క పెట్టి టంకం వేసేశారు! బల్బుకు కావాల్సినట్టు కరెంటును మార్చే లోపలి సర్క్యూట్, అంటే డ్రైవర్, సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతుంటుంది. ఆ అలజడి కరెంటు వైర్లలోకి పాకకుండా ఆపేది ఆ కాయిలూ, పక్కనుండే కెపాసిటరూ. అవి తీసేస్తే ఇంటి వైరింగంతా యాంటెన్నా అయిపోతుంది. నాలుగు రూపాయల మిగులు కోసం చేసిన పని ఇది.

వాపసు అడిగితే షాపాయన, "ఎలుగొస్తంది గదా, రేడియోతో నాకేం సంబంధం?" అన్నాడు. బిల్లు కూడా ఇవ్వలేదు. బిల్లుంటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయడం తేలిక, అడిగి తీసుకోండి.

డబ్బా మీద భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తూ, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరూ ఉన్నాయా చూడండి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో కాదో తెలుస్తుంది. చిన్న రేడియో వెంట తీసుకెళ్లి, మీడియం వేవ్‌లో పెట్టి, షాపులోనే బల్బు వెలిగించమనండి. ఆనించి పెడితే మంచి బల్బూ కాస్త గరగరమంటుంది, రెండడుగులు జరిగితే తగ్గిపోవాలి. గది అవతలికి వెళ్లినా రొద వదలకపోతే ఆ బల్బు అక్కడే పెట్టేసి రండి.