ఫైర్ సిస్టమ్ బాధ్యత: బిల్డర్‌కా, ఏజెన్సీకా, అసోసియేషన్‌కా? ఏది మేలు?

హైదరాబాద్‌లో నల్లగండ్ల, తెల్లాపూర్, కొండాపూర్ వైపు ఏ అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ మీటింగ్ చూసినా ఒకటే తంతు. పార్కింగ్ మీద గంట గొడవ పడతారు. ఫైర్ ఏఎంసీ (ఏటా చేసుకునే మెయింటెనెన్స్ ఒప్పందం) రెన్యువల్ వచ్చేసరికి "కొటేషన్ ఎవరిది తక్కువైతే వాళ్లకే ఇచ్చేయండి" అని రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. నిప్పంటుకున్న రోజు పంపు తిరగకపోతే పోలీసులు ముందు ఎవరిని పిలుస్తారు అన్న ప్రశ్న ఆ రెండు నిమిషాల్లో ఎవరికీ రాదు.

తెలంగాణలో 18 మీటర్లు దాటిన నివాస భవనానికి ఫైర్ సర్వీస్ చట్టం, 1999 కింద అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ తప్పనిసరి. దాన్ని బిల్డర్ తెచ్చుకుంటాడు, ఓసీ (భవనంలో ఉండొచ్చనే సర్టిఫికెట్) వస్తుంది, జనం దిగుతారు. తనిఖీ జరిగిన రోజున అన్నీ సరిగ్గా ఉన్నాయనే ఆ ఎన్ఓసీ కాగితం చెబుతుంది. మూడేళ్ల తర్వాత హోస్ బాక్సుల్లో గన్‌మెటల్ నాజిల్స్ ఉన్నాయా, ఎవరైనా పట్టుకుపోయారా అన్న సంగతి దానికి తెలియదు. పైగా మన దగ్గర 2006 నుంచి ఎఫ్ఎస్ఐ (స్థలాన్ని బట్టి ఎంత కట్టొచ్చన్న లెక్క) పరిమితి లేదు. కోకాపేటలో యాభై అంతస్తుల పైన కడుతున్నారు. అంత ఎత్తుకు అందే నిచ్చెన ఏ ఫైర్ స్టేషన్‌లోనూ లేదు. పై అంతస్తుల్లో మంటలార్పాల్సింది భవనంలో ఉన్న పైపులు, పంపులే.

హైదరాబాద్‌లో వీటి మెయింటెనెన్స్ మూడు రకాలుగా నడుస్తోంది. బిల్డరే చూసుకోవడం మొదటిది. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు)తో కలిపి ఫైర్‌ని కూడా ఒకే ఫెసిలిటీ ఏజెన్సీకి ఇచ్చేయడం రెండోది. అసోసియేషనే నేరుగా ఫైర్ కాంట్రాక్టరుతో ఒప్పందం చేసుకోవడం మూడోది.

బిల్డర్ చేతిలో ఉన్నంత కాలం చట్టం కొనుగోలుదారుల వైపే ఉంది. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం సెక్షన్ 11(4)(డి) ప్రకారం అసోసియేషన్ మెయింటెనెన్స్ తీసుకునేదాకా తగిన ఛార్జీలతో సేవలు నడపాల్సిన బాధ్యత బిల్డర్‌దే. సెక్షన్ 14(3) ఇంకా బలమైనది. పొజిషన్ ఇచ్చిన 5 ఏళ్లలోపు పనితనంలో, నాణ్యతలో, సేవల ఏర్పాటులో లోపం కనిపించి చెబితే 30 రోజుల్లో, పైసా అడక్కుండా బాగుచేయాలి. అయితే తెలంగాణలో రెరా వర్తించేది 2017 జనవరి 1, ఆ తర్వాత అనుమతి పొందిన ప్రాజెక్టులకే. పాత భవనాలవాళ్లు ఈ సెక్షన్ల మీద ఆశ పెట్టుకోకూడదు.

దీనిలో చిక్కు వేరే ఉంది. చాలాచోట్ల మెయింటెనెన్స్ చేసేది బిల్డర్ సొంత సంస్థే. పైపు వెల్డింగ్ బాగాలేదనో, పంపు కెపాసిటీ చాలదనో రిపోర్టు రాయాల్సింది వాళ్లే. పరీక్ష రాసినవాడే పేపర్ దిద్దుకున్నట్టు ఉంటుంది వ్యవహారం. అందుకే ఈ పద్ధతి మొదటి ఏడాదికో రెండేళ్లకో సరే, ఎల్లకాలం పనికిరాదు. అలాగని కార్పస్ ఫండ్ (ఫ్లాట్లవాళ్లు ముందే కట్టిన ఉమ్మడి నిధి) చేతికొస్తుందన్న తొందరలో కళ్లు మూసుకుని హ్యాండోవర్ తీసుకోవడం ఇంకా పెద్ద తప్పు.

హ్యాండోవర్ ముందు ఒక పూట కేటాయించి ఇద్దరూ కలిసి టెస్ట్ చేయాలి. టెర్రస్ దగ్గరి హైడ్రెంట్ (ఫైర్ హోస్ తగిలించే వాల్వ్) తెరిచి ప్రెషర్ చూడాలి. ప్రెషర్ కొద్దిగా పడితే జాకీ పంపు (పైపుల్లో ప్రెషర్ నిలబెట్టే చిన్న పంపు), బాగా పడితే మెయిన్ పంపు వాటంతటవే స్టార్ట్ అవ్వాలి. కరెంటు తీసేసి డీజిల్ పంపు అందుకుంటుందో లేదో చూడాలి. దాని బ్యాటరీ డెడ్ అయి ఉండటం మామూలే. ఒక డిటెక్టర్‌కి పొగ చూపించి, ప్యానెల్‌లో సరైన ఫ్లోర్ పేరే వస్తోందా గమనించాలి. ఇదంతా వీడియో తీసి, లోపాల జాబితా మీద ఇరువైపులా సంతకాలు పెట్టించుకోవాలి. ఓసీ వచ్చి, ఫ్లాట్లు అప్పగించాక ప్లాన్లు, డాక్యుమెంట్లు అసోసియేషన్‌కి అప్పగించాలని రెరా సెక్షన్ 17(2) చెబుతోంది. వాటిలో ఫైర్ డ్రాయింగులూ అడిగి తీసుకోండి. అవి లేకపోతే రేపు ఏ వాల్వ్ ఎక్కడుందో వెతుక్కోవాలి.

రెండోది, అంతా కలిపి ఒక్క ఏజెన్సీకి ఇచ్చేయడం. కమిటీకి హాయి. ఒకే బిల్లు, ఒకే మేనేజరు. నాకు మాత్రం మూడింటిలో ఇదే ఎక్కువ భయం. ఆ సైట్లో "ఫైర్ టెక్నీషియన్" అంటే తరచుగా ఎలక్ట్రీషియనే. ఒకట్రెండు సార్లు అర్ధరాత్రి ఫాల్స్ అలారం మోగి, ఫ్లాట్లవాళ్లు వాట్సాప్ గ్రూపులో తిట్టిపోస్తే హూటర్ ఆపేస్తారు, పంపు ప్యానెల్‌ని ఆటో నుంచి మాన్యువల్‌లో పెట్టేస్తారు. ఇక ఎవరికీ టెన్షన్ ఉండదు. హోస్ రీల్‌తో కార్లు కడుగుతుంటారు.

ఒప్పందం ఉంది కాబట్టి బాధ్యత ఏజెన్సీదే అనుకునేవాళ్లు ఉపహార్ కేసు గుర్తు చేసుకోవాలి. 1997లో ఢిల్లీలోని ఆ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. మంట మొదలైన ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ సంస్థది. అయినా 2011లో నష్టపరిహారం పంచినప్పుడు సుప్రీంకోర్టు హాలు లైసెన్సుదారు మీద 85 శాతం, విద్యుత్ సంస్థ మీద 15 శాతం వేసింది. సినిమా హాలు, అపార్ట్‌మెంటు ఒకటి కాదు, నిజమే. కానీ మెషీన్ వేరేవాళ్లదని చెబితే ఆవరణను తన చేతుల్లో ఉంచుకున్నవాళ్లు బయటపడలేరన్న సంగతి మాత్రం దీంతో అర్థమవుతుంది. పనిని బయటివాళ్లకు అప్పగించవచ్చు, దాంతోపాటు బాధ్యత మొత్తం వెళ్లిపోదు.

మూడోది, అసోసియేషనే నేరుగా ఒప్పందం చేసుకోవడం, కమిటీకి తలనొప్పే. కొటేషన్లు పిలవాలి, రిపోర్టులు చదవాలి. అయినా నా ఓటు దీనికే. హ్యాండోవర్ అయ్యాక కామన్ ఏరియాలను నడిపేది ఎలాగూ అసోసియేషనే. బాధ్యత మీ మీద ఉన్నప్పుడు అదుపు కూడా మీ చేతిలో ఉండటమే మంచిది. ఫెసిలిటీ ఏజెన్సీ రోజువారీ చెకింగ్ చేస్తుంది, ఫైర్ కాంట్రాక్టరు నెలనెలా టెస్ట్ చేసి రిపోర్టు నేరుగా సెక్రటరీకి పంపుతాడు. ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంటారు. మహారాష్ట్రలో 2006 అగ్ని భద్రతా చట్టం ప్రకారం ఓనర్ లేదా అందులో ఉంటున్నవాళ్లు లైసెన్స్ ఉన్న ఏజెన్సీతో చెక్ చేయించి, ఏటా జనవరి, జూలైల్లో సిస్టమ్ బాగుందని చెప్పే ఫారం బి సర్టిఫికెట్ సమర్పించాలి. మనవాళ్లు ఎవరూ అడగకముందే ఆ అలవాటు చేసుకోవచ్చు.

ఏఎంసీలోనూ రెండు రకాలు. కొత్త భవనమైతే స్పేర్లు లేని ఏఎంసీ చాలు, లోపమున్న పార్టులు 5 ఏళ్లదాకా బిల్డర్ చేత మార్పించాలి కాబట్టి. మెయింటెనెన్స్ సరిగ్గా చేయకే పాడైందని అతను అడ్డం తిరిగితే నెలవారీ రిపోర్టులే మీకు సాక్ష్యం. పాత భవనానికి స్పేర్లతో కూడిన కాంప్రహెన్సివ్ తీసుకోండి. బ్యాటరీలు, పంపు వైండింగ్, కేబుళ్లు మినహాయించామని చివరి పేజీలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటే అది పేరుకే కాంప్రహెన్సివ్.

"నేను జీతం లేని గౌరవ సెక్రటరీని, నన్నెవరేం చేస్తారు" అనే మాట వింటుంటాం. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద 5 ఏళ్లదాకా జైలు పడొచ్చు. జీతం తీసుకోలేదన్నది దానికదే రక్షణ కాదు. డీజిల్ పంపు బాగుచేయాలని కాంట్రాక్టరు రాసిచ్చాక, "వచ్చే ఏడాది చూద్దాం" అని జనరల్ బాడీ వాయిదా వేస్తే ఆ మాట మినిట్స్‌లో ఎక్కించండి.

18 మీటర్ల లోపు చిన్న అపార్ట్‌మెంట్లవాళ్లు ఇదంతా మనకు కాదనుకుంటారు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో నివాస భవనం కింద నిల్వ చేసిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది చనిపోయారు. అక్కడ ముందు అడగాల్సింది ఏఎంసీ గురించి కాదు, కింది భాగాన్ని ఎవరు దేనికి వాడుతున్నారని.

ఇక ఫ్లాట్ లోపలి సంగతి. ఇంటీరియర్స్‌లో ఫాల్స్ సీలింగ్ పైన దాగిపోయిన స్ప్రింక్లర్ హెడ్‌ని ఏ కాంట్రాక్టరూ టెస్ట్ చేయలేడు. ఇంటీరియర్ పనికి కమిటీ అనుమతి, పని అయ్యాక ఒకసారి లోపలికొచ్చి చూసే హక్కు, రెండూ బైలాస్‌లో ఉండాలి. అద్దెకిచ్చే ఓనర్లు ఇవే షరతులు రెంటల్ అగ్రిమెంట్‌లో కూడా రాయించుకోవాలి.