అటల్ సేతువా, వాశి వంతెనా?

ముంబై నుంచి నవీ ముంబైకి కారులో వెళ్లేవారికి ఇవి రెండు ప్రధాన మార్గాలు. 2024 జనవరిలో ప్రారంభమైన అటల్ సేతు దాదాపు 21.8 కిలోమీటర్ల పొడవున, అందులో సుమారు 16.5 కిలోమీటర్లు సముద్రంపైనే సాగుతూ ప్రయాణాన్ని ఎంతో తగ్గించింది. అయితే ప్రారంభంలో కారుకు ఒకవైపు సుంకమే 250 రూపాయలుగా నిర్ణయించారు. వాశి వద్ద తేలికపాటి వాహనాలకు అదే ఏడాది అక్టోబరులో టోల్ ఎత్తివేశారు గనుక, రోజూ తిరిగేవారు రద్దీని భరించైనా అటు మొగ్గడం సహజం. ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు సేతువుపై ప్రవేశమే లేకపోవడం మరింత బాధాకరం.

పర్యావరణం విషయంలో పాత మార్గానిది నిలిచిపోయిన వాహనాల పొగ. కొత్తదేమో ఫ్లెమింగోలు మేత వెతుక్కునే, ముంబై తీరంలోని శివ్‌డీ బురద నేలల మీదుగా వెళ్తుంది. శబ్దాన్ని తగ్గించే తెరలు అమర్చినా, పులికాట్‌లో ఆ పక్షులను చూసిన మనకు ఆ తెరలు చాలునన్న నమ్మకం కలగదు.