మన సంతకమా, డాక్టర్ సంతకమా?

డ్రైవింగ్ లైసెన్సుకి ఫారం 1 అంటే మన మాటే ప్రమాణం: మూర్ఛ ఉందా, రేచీకటి ఉందా, 25 మీటర్ల దూరం నుంచి నంబర్ ప్లేటు కనిపిస్తుందా అని అడిగితే మనమే టిక్కులు పెట్టి సంతకం చేస్తాం. ఫారం 1ఏ అయితే డాక్టర్ చూసి సంతకం పెట్టాలి, కానీ సొంత బండికి అది 40 ఏళ్లు దాటాకే.

మొదటిది సులువు, ఖర్చు లేదు, నిజమే. కానీ 18 ఏళ్లకి లైసెన్సు తీసుకున్న కుర్రాడికి అది 40 ఏళ్ల దాకా చెల్లుతుంది, అంటే మధ్యలో ఫిట్స్ మొదలైనా 22 ఏళ్లు అడిగే నాథుడు లేడు, అదే నా భయం.

డాక్టర్ చూడకుండా సంతకం పెట్టేస్తే రెండోదీ కాగితమే. అయినా నా ఓటు దానికే, అదీ పదేళ్లకోసారి అందరికీ.