ఆరు మామిడి సీజన్లు వాడిన పీహెచ్ మీటరు

చిత్తూరు దగ్గరి మామిడి గుజ్జు కర్మాగారంలో నాణ్యత పరీక్షలు చూసే నేను, జేబులో పట్టే ఈ డిజిటల్ పీహెచ్ మీటరును ఆరు సీజన్లుగా వాడుతున్నాను. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. తోతాపురి గుజ్జు పీహెచ్ 4.0 దాటకుండా సిట్రిక్ ఆమ్లం కలపడం మా పద్ధతి. 4.6 దాటిన సరుకులో, మూత వేసిన డబ్బాలోనే బాట్యులిజం అనే ప్రాణాంతక ఆహార విషబాధ కలిగించే బ్యాక్టీరియా పెరగగలదు కనుక ఆ హద్దుకు బాగా దిగువనే ఉంటాము.

అమ్మినవారు మీటరుతోపాటు 7.00 బఫర్ (పీహెచ్ ముందే తెలిసిన, మీటరును సరిచూసే ద్రావణం) సీసా ఒక్కటే ఇచ్చారు. మూడు సీజన్లు దానితోనే సరిచేసుకుంటూ, ఉదయం తెర మీద 7.00 కనబడితే చాలనుకున్నాము. నాలుగో ఏడు జూన్ చివర్లో ఒక పెద్ద లాట్ 4.2 చూపగా ఆమ్లం పెంచాము. గుజ్జు తీసే యంత్రం (పల్పర్) దగ్గరి పెద్దాయన వేలితో రుచి చూసి, “ఏం సామీ, ఇంత పుల్లగా ఉండాదే!” అన్నాడు. అనుమానంతో 4.01 బఫర్ తెప్పించి ముంచితే మీటరు 4.22 చూపింది. అంటే ఆ గుజ్జుకు అదనపు ఆమ్లం అసలు అక్కర్లేదు.

మీటరులో సరుకులో ముంచే భాగమైన ఎలక్ట్రోడ్ 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక్కో పీహెచ్‌కు సుమారు 59 మిల్లీవోల్టులు ఇవ్వాలి. పాతబడి అది తగ్గినప్పుడు తప్పు 7 దగ్గర దాగి ఉంటుంది, 7కు దూరమైనకొద్దీ బయటపడుతుంది. పుల్లని సరుకు కొలిచేవాడు 7 ఒక్కటే సరిచూసుకోవడం, ఖాళీ కాటా సున్నా చూపిందని బస్తా తూకాన్ని నమ్మడం లాంటిదే.

ఇప్పుడు సీజన్‌లో రోజూ ఉదయం, ఎలక్ట్రోడ్ మార్చినా, మీటరు కింద పడినా 7.00, 4.01 రెండింటితోనూ క్యాలిబ్రేషన్ చేస్తాము. అయితే సరిచేయడానికి ముందే 4.01లో అది ఎంత చూపుతోందో పుస్తకంలో రాస్తాము. ఆ అంకె రాయకుండా సరిచేస్తే, నిన్న కొలిచిన లాట్లు ఎంత తప్పాయో తెలిసే దారి ఉండదు. ఏడాదికోసారి బయటి ప్రయోగశాల ఇచ్చే ధ్రువపత్రం ఆడిటర్‌కు పనికొస్తుంది గాని, అది చెప్పేది పరీక్షించిన నాటి స్థితి మాత్రమే.

మీటరులోని ఉష్ణోగ్రత సవరణ ఎలక్ట్రోడ్‌కే వర్తిస్తుంది, వేడికి గుజ్జు పీహెచ్‌లోనే వచ్చే మార్పుకు కాదు, కనుక వేడి గుజ్జును చల్లార్చాకే కొలుస్తాము. మొదటి ఎలక్ట్రోడ్‌ను స్వేదనజలంలో నిలవ ఉంచి మేమే పాడుచేసుకున్నాము. పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచడం మొదలుపెట్టాక రెండోది మూడేళ్లు నిలిచింది. మళ్లీ కొనవలసివస్తే ఇదే కొంటాను, 4.01 బఫర్ మాత్రం అదే రోజు తెప్పిస్తాను.