రీఫ్ స్క్విడ్‌లలో ఏది? మనదా, కరీబియన్‌దా?

సముద్రం చూడాలంటే నెల్లూరు దాకా పోవాల్సిన కడపలో ఉంటూ, మా మేనకోడలు రీఫ్ స్క్విడ్ (పగడపు దిబ్బల దగ్గర తిరిగే, ఆక్టోపస్ జాతి మెత్తటి సముద్రజీవి) మీద స్కూల్ ప్రాజెక్టు చేస్తుందట. "ఏది తీసుకోవాలి మామా?" అని ఒకటే టెన్షన్.

ఉండేచోటు: మనది, అంటే పెద్దరెక్కల స్క్విడ్, హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో ఉంటుంది, తమిళనాడుకీ శ్రీలంకకీ మధ్యనున్న మన్నార్ సింధుశాఖలోనూ దొరుకుతుంది. రెండోది కరీబియన్, ఫ్లోరిడా వైపుది.
ఖర్చు: ఒకదానికి రామేశ్వరం టికెట్టు. ఇంకోదానికి పాస్‌పోర్టు, వీసా, ఆస్తిలో సగం.
సైజు: కరీబియన్‌ది జానెడు, 20 సెం.మీ. మనది 30 కూడా దాటొచ్చు.

తెలివిలో కరీబియన్‌దే పైచేయి. మగది ఆడదాని పక్కన ఈదుతూ, అటువైపు ఒంటి మీద ఒక రంగు, పోటీకొచ్చిన మగదాని వైపు ఇంకో రంగు ఒకేసారి చూపిస్తుంది. అమ్మకో మొహం, పెళ్లానికో మొహం పెట్టే మొగుళ్లు గుర్తొచ్చారు నాకు.

రిస్కు మనదాంతోనే. ఐసులో అమ్మే ప్రతి స్క్విడ్డూ ఇది కాదు. రెక్క ఒంటి పొడవునా ఉంటే ఇదే అనుకోవచ్చు, వెనక సగానికే ఉంటే మామూలుది.

చేత్తో పట్టి చూపించాలంటే మనది. చార్టు మీద రంగులతో కథ చెప్పాలంటే కరీబియన్‌ది. పిల్ల అప్పుడే స్కెచ్ పెన్నులు తీసింది.