ఫైబ్రోస్కాన్‌తో ఆరేళ్లు: ఏడు రిపోర్టుల తర్వాత నా అనుభవం

2019లో ఆఫీసు హెల్త్ చెకప్‌లో అల్ట్రాసౌండ్ తీసి 'ఫ్యాటీ లివర్, గ్రేడ్ 2' అని రాసిచ్చారు. మా బ్రాంచిలో చాలామందికి అదే వస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మా పెద్దబావగారు గుర్తుకు రాకపోతే నేనూ ఆ కాగితం బీరువాలో పడేసేవాణ్ణే. మందు చుక్క ముట్టని మనిషి, షుగర్ ఉండేది, లివర్ మచ్చలు పడి గట్టిపడిపోయే సిరోసిస్‌తో పోయారు. ఆయన స్కాన్‌లలోనూ ఏళ్ల తరబడి ఇదే గ్రేడ్ 2 ఉండేది.

తర్వాత తెలిసింది ఏమిటంటే, ఆ గ్రేడు కొవ్వు గురించే. లివర్‌లో మచ్చ ఎంత పడిందో, అంటే ఫైబ్రోసిస్ ఎంతుందో, అది చెప్పదు. ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఆ మచ్చే.

డాక్టరుగారు ముందు నా రక్తపరీక్షల కాగితం వెనక్కి తిప్పి ఒక లెక్క వేశారు. దాన్ని ఫిబ్-4 అంటారు. వయసు 52, ఎస్‌జీఓటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 48, ఈ రెండూ గుణించారు. ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు, అంటే వేలల్లో 210. దాన్ని ఎస్‌జీపీటీ (అలాంటిదే ఇంకో ఎంజైము) 64కి వర్గమూలమైన 8తో గుణించి, మొదటిదాన్ని దీనితో భాగించారు. 1.49 వచ్చింది. 1.3 లోపుంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువట, 2.67 దాటితే గట్టిగా అనుమానించాలట. 65 దాటినవాళ్లకి ఆ కింది హద్దు 2 అని కూడా చెప్పారు. నాది మధ్యలో పడింది. అందుకే లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్ రాశారు. పైసా ఖర్చు లేని ఈ లెక్క ఫ్యాటీ లివర్ ఉన్న ప్రతివాళ్లూ తమ డాక్టరుని అడిగి వేయించుకోవాలి.

ఇక స్కాన్ సంగతి. వెల్లకిలా పడుకోబెట్టి, "అంకుల్, కుడి చెయ్యి తల కిందకి పెట్టుకోండి, ఊపిరి మామూలుగా తీసుకోండి" అంది టెక్నీషియన్ అమ్మాయి. కుడి డొక్కలో పక్కటెముకల మధ్య చల్లగా జెల్ రాసి, లావుపాటి పెన్ను లాంటి ప్రోబ్ ఆనించింది. టక్ మని చిన్న తాకిడి, వేలితో మీటినట్టు. నొప్పి లేదు. అలా కనీసం పది సరైన కొలతలు కావాలి. ఆ తాకిడికి పుట్టే అల లివర్ గుండా ఎంత వేగంగా పోతుందో మెషిన్ కొలుస్తుంది. లివర్ గట్టిపడే కొద్దీ అల వేగం పెరుగుతుంది. ఆ గట్టిదనాన్ని కిలోపాస్కల్స్‌లో చూపిస్తుంది. ఫ్రాన్స్‌కు చెందిన ఎకోసెన్స్ కంపెనీ 2003లో తెచ్చిన మెషిన్ ఇది. బయాప్సీలో సూదికి వచ్చే ముక్క లివర్‌లో దాదాపు 50,000వ వంతు. ఇది చూసే భాగం దానికి కనీసం వంద రెట్లు.

మొదటిసారి 9.6 వచ్చింది. 8 లోపైతే ముదిరిన మచ్చ దాదాపు లేనట్టే, 12 దాటితే లివర్ స్పెషలిస్టు చేతుల్లో ఉండాలి. మళ్లీ మధ్యలోనే పడ్డాను.

2020 కోవిడ్‌లో పోయింది. 2021లో ఇంటికి దగ్గరని వేరే సెంటర్‌కి వెళ్లాను. పరగడుపున రమ్మని ఎవరూ చెప్పలేదు, నాలుగిడ్లీలు తిని వెళ్లాను. 14.2, పక్కన ఎఫ్4 అని అచ్చు. ఎఫ్4 అంటే సిరోసిస్. ఆ కాగితం పట్టుకుని పార్కింగ్‌లో కారు స్టార్ట్ చేయలేక కూర్చుండిపోయాను. రెండు వారాలు ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. మా డాక్టరుగారు రిపోర్ట్ చూడగానే వేలు పెట్టి చూపించింది 14.2ని కాదు, దాని కిందున్న చిన్న అక్షరాల్ని: ఐక్యూఆర్ 38 శాతం. పది కొలతలు ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయో చెప్పే అంకె అది. 7.1 దాటిన రీడింగ్‌లో అది 30 శాతం మించితే నమ్మకూడదు. తిన్నాక లివర్‌కి రక్తం ఎక్కువగా పోయి గట్టిదనం పెరిగినట్టు కనిపిస్తుంది, కనీసం మూడు గంటలు ఖాళీ కడుపు ఉండాలి. పైగా అప్పుడు నేను 94 కిలోలు. చర్మం కింద కొవ్వు మందంగా ఉన్నవాళ్లకి ఎక్స్ఎల్ ప్రోబ్ వాడాలి, నాకు మామూలు ఎం ప్రోబ్‌తో చేశారు. పరగడుపున, ఎక్స్ఎల్‌తో మళ్లీ చేయిస్తే 9.1.

ఇంత మంచి మెషిన్ మీద నాకున్న ఫిర్యాదు ఇదే. ఒక్క అంకెని పెద్దగా అచ్చువేసి చేతిలో పెడతారు, అది నమ్మదగిందో కాదో చెప్పే అంకెని మూలన పడేస్తారు. మీ రిపోర్ట్‌లో ఐక్యూఆర్, ప్రోబ్ పేరు లేకపోతే అడిగి రాయించుకోండి, మొహమాటపడొద్దు.

తర్వాత ఏటా ఒకే చోట, ఒకే ప్రోబ్‌తో చేయించుకున్నాను: 8.8, 7.9, 7.1, ఈ ఏడాది 6.8. ఈలోగా 83 కిలోలకి దిగాను. బరువులో పదో వంతు తగ్గితే చాలామందిలో మచ్చ కూడా వెనక్కి తగ్గుతుందన్న మాట పట్టుకునే రాత్రి అన్నం తగ్గించాను, రోజూ గంట నడిచాను. అయితే ఈ తగ్గుదలంతా మచ్చ కరగడమే అనుకోను. లివర్‌లో వాపున్నా రీడింగ్ పెరుగుతుంది, నా ఎస్‌జీపీటీ 64 నుంచి 31కి వచ్చింది, కొంత దానివల్లే. తొలి దశ మచ్చలైన ఎఫ్1కీ ఎఫ్2కీ మధ్య తేడా ఈ మెషిన్ గట్టిగా తేల్చలేదు కూడా. కొవ్వు కొలిచే క్యాప్ అంకె నాకు 318 నుంచి 256 దాకా ఎగుడుదిగుడుగా వచ్చింది, దాన్ని నేను పెద్దగా చూడను.

ఖర్చు ఒక్కోసారి 2,500 నుంచి 4,000 దాకా అయింది. ఏటా అందరికీ అక్కర్లేదు.

వచ్చే స్కాన్‌కి ఉదయం మొదటి టైమే అడిగాను. ఫ్లాస్కులో కాఫీ పోసిస్తానంది మా ఆవిడ, పని అయ్యాక కారులో తాగడానికి.